పాత జీపులో కాళ్లకు చోటు, ఒడలికి సుఖము

నేడు నేను చెప్పబూనినది పాత జీపుబండిని గూర్చి. ఆ బండి యెట్లు పుట్టినది, అందు కూర్చున్నవానికి మోకాళ్లెందుకు పట్టుకొనిపోవును, నడుము నొప్పి యెందుకు కలుగును, అందులకు చేయదగిన యుపాయము లెవ్వి, చేయరాని వెవ్వి యను ప్రశ్నలకు నా యనుభవము చాలినంతవఱకు బదులు చెప్పెదను.

నేను హైదరాబాదు నగరమున బోరబండలో మోటారుబండ్ల మరమ్మతు వృత్తిగా జీవించువాడను. బోరబండ సనత్‌నగరపు కార్ఖానాల ప్రక్కనున్న పేట. ఆ సనత్‌నగరముననే 1942వ సంవత్సరమున స్థాపింపబడిన ఆల్విన్ కార్ఖానా బస్సులకు ఒడళ్లు కట్టుటలో పేరు పొందినది. నేడా కార్ఖానా లేదు. కాని రేకుపని, తోలుపని, కమానుల పని తెలిసినవారు ఈ చుట్టుపట్ల సందులలో నింకను కలరు. అందుచేత జిల్లాలనుండి పాతబండ్లు మా షెడ్డులకు వచ్చుచుండును. వానిలో జీపులే నాకు మిక్కిలి పరిచయమైనవి.

జీపు మన పల్లెలకు క్రొత్తది కాదు. చెఱువుకట్టమీద, నల్లరేగడి బురదలో, వాగు నీటిలో మఱి యే బండియు పోలేనిచోటికి అది పోయెను. పెండ్లివారిని తెచ్చినది, విత్తనపు బస్తాలు మోసినది, పురిటినొప్పులు పడుచున్న కోడలిని రాత్రివేళ దవాఖానాకు చేర్చినది. ఇంటిలోనివాని వలె దానిపై మమకార ముండుట సహజము. కాని బండితోపాటు యజమానియు ముసలివాడగును. ముప్పదియేండ్ల ప్రాయమున ఎగిరి కూర్చున్న పీటమీదికి అఱువదియేండ్లకు ఎక్కుట కష్టము, దిగుట మఱింత కష్టము. అప్పుడు ఇంటివారు రెండే త్రోవలు చూచుచుందురు. ఒకటి, బండిని పాతయినుము క్రింద తూకమునకు అమ్మివేయుట. రెండవది, రేకులు కోయించి, ఛాసీ అతికించి, బండి రూపమే మార్చివేయుట. ఈ రెండింటికిని నడుమ మూడవ త్రోవ యొకటి కలదని చెప్పుటయే నా యుద్దేశము.

మొదట ఆ బండి పుట్టుక తెలియవలెను. 1940వ సంవత్సరము జూలై నెలలో అమెరికా సేనాధికారులు, తేలికయై నాలుగు చక్రములతోను లాగగల చిన్నబండి యొకటి కావలెనని మోటారు సంస్థల నడిగిరి. నమూనా బండికి వారిచ్చిన గడువు 49 దినములు మాత్రమే. బాంటం అను చిన్న సంస్థ కార్ల్ ప్రాబ్స్ట్ అను శిల్పిచేత పటములు గీయించి, సెప్టెంబరు 23వ తేదీన బండిని తెచ్చి నిలిపినది. పిదప విల్లీస్, ఫోర్డ్ సంస్థలు 1941 మొదలు 1945 వఱకు అట్టి బండ్లను ఆఱు లక్షలకు పైగా తయారుచేసెను. మన దేశమున 1945లో పుట్టిన మహీంద్రా సంస్థ 1947 తరువాత విల్లీస్ జీపు భాగములను తెప్పించి బిగించి యమ్మసాగినది. క్రమముగా భాగములన్నియు ఇచ్చటనే చేయబడెను. ముక్కు ఎత్తుగానుండు సీజే త్రీబీ యను జీపు మీలో చాలమందికి ఎఱుకయే. దాని తరువాత కొంచెము పొడవైన యెమ్మెమ్ 540 మొదలగునవి వచ్చెను.

యుద్ధకాలపు జీపు పొడవు 11 అడుగులు, వెడల్పు 5 అడుగుల 2 అంగుళములు, బరువు సుమారు 1100 కిలోలు. ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును నడుమ దూరము 80 అంగుళములు. సీజే త్రీబీకి కూడ అంతియే. యెమ్మెమ్ 540కి ఇది 91 అంగుళములు. ఈ 80 అంగుళములలోనే యంత్రము, గేరుపెట్టె, ముందుపీటలు అన్నియు ఇముడవలెను. బండి చిన్నదిగా నుండినచో శత్రువు కంటబడదు, ఓడలలో ఎక్కువ బండ్లు పట్టును. సుఖమును గూర్చి అప్పుడెవ్వరు నాలోచింపలేదు. పాతికేండ్ల సిపాయి గంటసేపు కూర్చుండుటకు చేసిన పీట అది. మన మోకాళ్లను చూచి చేసినది కాదు.

ఇక కాళ్ల విషయము. జీపులో కూర్చున్నవానికి మూడు గోడలు అడ్డమై యున్నవి. ముందు కాళ్లయెదుట యంత్రమును మన యడుగులను వేఱుచేయు రేకు. వెనుక చక్రముమీది పెట్టె వంటి యుబ్బెత్తు. పైన తొడలకు తగులు స్టీరింగు చక్రము. నాలుగవ యడ్డంకి క్రిందనున్నది. యుద్ధకాలపు జీపులో పెట్రోలు తొట్టి డ్రైవరు పీట క్రిందనే యుండెడిది. ఆ కారణముచేత పీటను క్రిందికి దింపుటకు వీలులేదు. మీ బండిలో తొట్టి యెక్కడ నున్నదో ముందు పీట నెత్తి చూచుకొని గాని యే పనియు ప్రారంభింపరాదు.

మా షెడ్డులో సుత్తి పట్టుటకు ముందు టేపు పట్టుదుము. బండి నడుపువానిని, అతడు నిత్యము తొడుగు చెప్పులతోనే, పీటమీద వెనుకకు ఆనించి కూర్చుండబెట్టుదుము. ఎడమకాలితో క్లచ్చిని అడుగంట త్రొక్కుమందుము. అప్పుడును మోకాలు కొంచెము వంగియే యుండవలెను. పూర్తిగా చాచుకొనిపోయినచో పీట మిక్కిలి దూరము. కాలు ఊరకున్నప్పుడు మోకాలు సమకోణముకంటె కొంత విప్పుకొని యుండవలెను. అంతకంటె ముడుచుకొన్నచో పీట మిక్కిలి దగ్గఱ. తొడకును స్టీరింగు చక్రమునకును మూడువ్రేళ్ల సందు, మోకాలి వెనుకకును పీట అంచునకును రెండువ్రేళ్ల సందు ఉండవలెను. ఈ కొలతలు కాగితముమీద వ్రాసికొనినచో ఎన్ని అంగుళములు కావలయునో తేలిపోవును. సాధారణముగా అది రెండు మూడు అంగుళములకు మించదు. రెండంగుళముల కొఱకు బండిని కోయనక్కరలేదు గదా!

ఆ యంగుళములు ఎచ్చట దొరకును? మొదటిది వీపుమెత్తలో. పాతజీపుల వీపుమెత్తలను ఏండ్ల తరబడి పలువురు దర్జీలు పీచుపై పీచు కూరి కుట్టియుందురు. నాలుగంగుళముల మందముగల మెత్త తీసి, రెండంగుళముల మెత్త వేసినచో కాళ్లకు రెండంగుళములు వచ్చెను. రేకు కోత లేదు, అతుకు లేదు. పలుచని మెత్త గట్టిగా నుండునేమో యని సందేహము వలదు. చట్రమునకు అడ్డముగా నవారు పట్టీలు బిగువుగా అల్లి దానిపై మెత్త వేసినచో, నవారు మంచము వలె అది వీపునకు ఒదుగును.

రెండవది పీట కాళ్లలో. పీట చట్రమును పట్టియుంచు బోల్టుల రంధ్రములను వెనుకకు జరిపి, చక్రపు ఉబ్బెత్తునకు తగులక ముందే ఆపవలెను. ఒక అంగుళము గాని, ఒకటిన్నర గాని దొరకును. వేఱువేఱు ఎత్తులుగల యిద్దఱు నడుపు బండియైనచో, మూడు వరుసల రంధ్రములున్న పట్టీనో, జాఱుడు పట్టాలనో అమర్చవచ్చును. మూడవది పీట వాలులో. పీట ముందంచును ఒక యంగుళము ఎత్తినచో తొడలకు ఆధారము కలిగి బరువంతయు పిఱుదులమీద పడకుండును. ఎక్కువ యెత్తరాదు; తొడ స్టీరింగునకు తగులును, మోకాలి వెనుక నరములు నొక్కుకొని కాళ్లు తిమ్మిరెక్కును. నాలుగవది స్టీరింగు చక్రములో. అడ్డుకొలత రెండంగుళములు తగ్గినచో తొడమీద ఒక యంగుళము సందు వచ్చును. కాని చక్రము చిన్నదైనకొలది త్రిప్పుటకు బలము హెచ్చుగా కావలెను. భుజములు నొచ్చు పెద్దలకు ఈ నాలుగవ యుపాయము తగదు.

ఇచ్చట రెండు హెచ్చరికలు. మొదటిది, తొట్టి బండిలో నుండగా పీటదగ్గఱ వెల్డింగు చేయింపరాదు, రంధ్రము కూడ వేయింపరాదు. తొట్టి ఖాళీగా నున్నదిగదా యని ధైర్యము పడువారు కలరు. నిజమునకు నిండుతొట్టికంటె ఖాళీతొట్టియే ప్రమాదకరము. అందు నిండియున్న ఆవిరి గాలితో కలిసి రవ్వ తగిలినంతనే ప్రేలును. ఒక షెడ్డులో ఇట్లు జరిగి పనిపిల్లవాని రెండు చేతులు కాలిపోవుట నేనెఱుగుదును. తొట్టిని విప్పి, దూరముగా బయట పెట్టి, గొట్టపు నోళ్లు మూసి, పిదపనే పని సాగింపవలెను. రెండవది, బ్రేకు త్రొక్కుడుకడ్డీని వంచుటయు, కోసి అతుకుటయు ఎన్నడును చేయరాదు. ఆ యతుకు ఊడిపోవునది కాలిబలమంతయు దానిపై వేసిన నాడే. అనగా దూడయో, బిడ్డయో అడ్డువచ్చిన నాడే. క్లచ్చి త్రొక్కుడులో ఊరక కదలు భాగము ముప్పాతిక అంగుళము మొదలు అంగుళము వఱకు ఉండునట్లు సరిచేసిన చాలును. చాల బండ్లలో కాలు దూరముగా చాపవలసి వచ్చుటకు ఆ సవరింపు లేకపోవుటయే కారణము.

ఒక దృష్టాంతము చెప్పెదను. వికారాబాదు వైపు పల్లెనుండి యొక పెద్దమనిషి తన 80 అంగుళముల జీపును కుమారునిచేత తెప్పించెను. అతని యెత్తు 5 అడుగుల 10 అంగుళములు. కుడిమోకాలు అఱిగినదని వైద్యులు చెప్పియుండిరి. వెనుక చక్రపు ఉబ్బెత్తును కోయించుటకు కుమారుడు సుద్దతో గీత కూడ గీసి తెచ్చెను. మేము కొలిచి చూడగా కావలసినది మూడంగుళములు. వీపుమెత్తలో రెండు, బోల్టుల జరుపులో ఒకటి దొరికెను. పీట ముందంచు ముప్పాతిక యంగుళ మెత్తితిమి. ఎక్కుటకు ఒక మెట్టు, పట్టుకొనుటకు ఒక పిడి పెట్టితిమి. పని రెండు దినములలో ముగిసినది. ఆ పెద్దమనిషి ఎక్కి, దిగి, మరల ఎక్కి, “చాలును నాయనా, ఇక నన్నెవ్వరును మోసి కూర్చుండబెట్ట నక్కరలేదు” అనెను. సుద్దగీతను కుమారుడే తుడిచివేసెను.

మెట్టును గూర్చి మఱి రెండు మాటలు. జీపునకు ప్రక్కబల్ల లేదు. నేల రెండడుగుల క్రింద నుండును. నేలనుండి అడుగెత్తునకు కొంచెము పైగా ఒక మెట్టును, అద్దపు చట్రమునకు దగ్గఱగా ఒక పిడిని బోల్టులతో బిగించినచో మోకాలిపై పడు భారము సగము తగ్గును. మెట్టుపై గఱుకు రబ్బరు వేయవలెను. వెనుక ప్రక్కబల్లలమీద కూర్చుండువారికి అడుగులు నేలకు ఆనక వ్రేలాడుచుండును. అట్టివారికి జానెడు వెడల్పు చెక్కపీట యొకటి నడుమ బిగించి యుంచినచో కుదుపునకు కాళ్లు ఊతగా నుండును. స్త్రీలకు, పొట్టివారికి ఇది మిక్కిలి యుపకారము.

ఇక కుదుపును గూర్చి. ఎడ్లబండికి కమానులు లేవు, జీపునకు కలవు. అయినను జీపే యెక్కువ కుదుపునేమి? కారణములు మూడు. మొదటిది వేగము. గంటకు 30 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనుకు ఎనిమిది మీటర్లకు పైగా పోవును. ఇరుసుల నడిమి దూరము రెండు మీటర్లే. కావున ముందుచక్రము గుంటలో పడిన పావుసెకనులో వెనుకచక్రమును పడును. మొదటి యూపు అడగకముందే రెండవ యూపు తగులును. పొడవైన బండిలో ఈ రెండింటికి నడుమ వ్యవధి కొంచెము హెచ్చు.

రెండవది కూర్చున్న చోటు. మీరందఱును ఏతమును చూచినవారే. ఏతపు దూలము నడుమ నిలుచున్నవాడు కొంచెమే కదలును, కొనయందున్నవాడు ఆకాశమునకును పాతాళమునకును పోవును. జీపులో ముందుపీట దూలము నడుమవంటిది. వెనుకబల్ల కొనవంటిది. అందుచేత రోగిని, గర్భిణిని, ముసలివారిని ముందుపీటలోనే కూర్చుండబెట్టవలెను. వెనుకబల్ల చివర పసివారిని కూర్చుండబెట్టరాదు. పైసా ఖర్చులేని ఈ మార్పు అన్నిటికంటె గొప్పది.

మూడవది కమానుల స్థితి. మన శరీరమునకు కొన్ని ఊపులు హితము, కొన్ని అహితము. నడచునప్పుడు సెకనుకు సుమారు రెండడుగులు వేయుదుము. ఆ ప్రమాణపు ఊపు మనకు జన్మతః అలవాటు. సెకనుకు నాలుగు మొదలు ఎనిమిది వఱకు వచ్చు నిలువుటూపులు వెన్నెముకకును కడుపునకును మిక్కిలి బాధకరములని శాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. కమాను చక్కగా పనిచేయుచున్నప్పుడు బండి నిదానముగా ఊగును. కమాను పట్టాల నడుమ త్రుప్పు పట్టి అవి ఒకదానిపై నొకటి జాఱకుండ బిగుసుకొన్నచో, చిన్నకుదుపులకు కమాను వంగనే వంగదు. అప్పుడు బండి టైర్లలోని గాలిమీదనే ఎగురును. ఊపు వడి హెచ్చి ఆ చెడుభాగములో పడును. జీపు మొరటుబండి యని నిందింపబడుటకు చాలచోట్ల ఈ త్రుప్పే హేతువు.

కావున మరమ్మతు క్రమమిది. మొదట టైరు గాలి. అడిగినంత గట్టిగా నింపుట మన షెడ్డులకు అలవాటు. బండితో వచ్చిన పుస్తకములో చెప్పిన కొలత చూచుకొనవలెను. తేలికపాటి జీపునకు అది సాధారణముగా చదరపు అంగుళమునకు 30 పౌనుల లోపుననే యుండును. ఉదయమున టైరు చల్లగా నున్నప్పుడే కొలువవలెను. మఱీ తగ్గించినచో టైరు ప్రక్కలు వేడెక్కి చినిగిపోవును.

రెండవది కమానుల శుద్ధి. కట్టను విప్పి, పట్టాలను విడదీసి, తీగబ్రష్షుతో త్రుప్పు గీకి, విఱిగిన పట్టా యున్నచో మార్చి, నడుమ గ్రాఫైటు కలిసిన గ్రీజు పలుచగా పూసి మరల కట్టవలెను. విప్పునప్పుడు ఎడమది కుడిది, ముందుది వెనుకది అని గుర్తులు పెట్టవలెను. అవి యన్నియు ఒక్కతీరుగా నుండవు. కమాను కొనను పట్టియుంచు షకిళ్లు కూడ బిగుసుకొనియుండును. పాత విల్లీస్ జాతి బండ్లలో కొన్ని షకిళ్లకు ఎడమమర యుండును. అది తెలియక బలముతో త్రిప్పినచో మర చెడును. షకిళ్లకు నెలకొకమారు గ్రీజు ఎక్కింపవలెను. ఈ పనికి ఇనుముకంటె చెమటయే హెచ్చుగా ఖర్చగును.

మూడవది పట్టాలు తీసివేయుట. దీనిని గూర్చి అపోహలు మెండు. యుద్ధకాలపు జీపునకు ముందుకట్టలో ఎనిమిది, వెనుకకట్టలో తొమ్మిది పట్టాలుండెడివి. బస్తాలు మోయని బండికి వెనుకకట్టలో ఒక పట్టా తీసినచో బిగువు ఇంచుమించు తొమ్మిదవవంతు తగ్గును. మిగిలిన యెనిమిదింటిపై ఆ మేరకు భారము పెరుగును. రెండు మూడు తీసినచో బండి వాలిపోయి, గుంటలో ఇరుసు ఛాసీకి కొట్టుకొనును. మెత్తదనము కోరి గట్టిదెబ్బ కొని తెచ్చుకొన్నట్లగును. మొదటి పట్టాను, దానికి తోడుగా కొనచుట్టిన రెండవ పట్టాను ముట్టనే రాదు; ఇరుసును నిలుపునవి అవియే. మఱియొక సూత్రము కలదు. పట్టా మందము రెండింతలైనచో బిగువు ఎనిమిదింత లగును. అందుచేత మందమైనవి కొన్ని వేయుటకంటె పలుచనివి పెక్కు వేయుట మెత్తదనము. ఇటీవలి కాలపు పారాబోలిక్ కమానులలో కొద్ది పట్టాలే యుండును. అవి నడుమను కొనలయందును మాత్రమే తాకును గాన రాపిడి తక్కువ. అవి మీ బండి బరువునకు తగినవైనప్పుడే కొనవలెను.

నాలుగవది షాకబ్జార్బర్లు. ఇవి బరువు మోయవు. ఉయ్యెల ఊపిన తరువాత చేయిపెట్టి ఆపు తల్లివంటివి ఇవి. బండి మూలను రెండు చేతులతో నొక్కి విడువుడు. ఒకమారు లేచి నిలిచినచో మంచిది. రెండు మూడు మారులు ఊగినచో అది చచ్చినది. నూనె కారుచున్నను చచ్చినదే. గతుకుబాటలో కొంతదూరము పోయి ఆగి తాకి చూచినచో పనిచేయునది వెచ్చగా నుండును, చేయనిది చల్లగా నుండును. వీనిని జతలుగానే మార్చవలెను.

ఐదవది ఒడలికిని ఛాసీకిని నడుమనుండు రబ్బరు బిళ్లలు. ఇవి నలిగి పొడియైపోయినచో ఇనుము ఇనుమునకు తగిలి మ్రోగును. క్రొత్తవి వేయుట స్వల్పవ్యయము. ఆఱవదిగా, అన్నియు సరియైన తరువాతనే, పీటమెత్త. క్రింద నవారు, దానిపై గట్టినురుగు రబ్బరు రెండంగుళములు, పైన మెత్తని పొర యొక యంగుళము చాలును. అంతయు మెత్తనిదే వేసినచో మనిషి అడుగంటి చెక్కకు తగులును. గుంటబాటకు మెత్త మందు కాదు; కమాను బాగుచేసినవానికే మెత్త సుఖమిచ్చును.

వేడిని, పొగను మఱువరాదు. కాళ్లదగ్గఱ రేకులో పాత రంధ్రములున్నచో యంత్రపు పొగ లోనికి వచ్చును. అది తల త్రిప్పుటయేకాక ప్రాణాపాయకరము కూడ. రంధ్రములను రేకుబిళ్లలతోను రబ్బరుతోను మూయవలెను. పొగగొట్టము చిల్లులను ముందు సరిచేయింపవలెను. నేలపై రబ్బరుచాప పఱచినచో వేడిమియు మ్రోతయు తగ్గును.

చేయరాని పని యొకటి నొక్కి చెప్పవలసియున్నది. పొడుగు షకిళ్లు వేసి బండిని ఎత్తుచేయుట నేటి యువకులకు వేడుక. జీపు మొదలే పొట్టిది, ఎత్తైనది; ఇంకను ఎత్తుచేసినచో మలుపులో దొర్లును. ముందు ఇరుసు కోణము మాఱి స్టీరింగు చేతిలో గజగజ వణకును. కాలుమోపు మెట్టు మఱింత పైకి పోవును. పెద్దలకు దీనివలన సుఖము సున్న.

చట్టమును గూర్చి కూడ తెలిసికొనవలెను. 1988వ సంవత్సరపు మోటారువాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, నిర్మాత చేసిన రీతికి భిన్నముగా, నమోదుపత్రములోని వివరములకు విరుద్ధముగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా చెప్పినది. ఒడలి కొలతలు మార్చి, ఛాసీ సాగదీసి, రేకులు కోసిన బండికి పత్రము తిరిగి పొందుట కష్టము. ఇంకొకటి, 2021లో పురాతన వాహనముల నియమములు వచ్చెను. మొదటి నమోదునకు 50 ఏండ్లు దాటి, ఛాసీ, ఒడలు, యంత్రము మూలరూపమున నున్న సొంతబండికి ప్రత్యేకమైన నమోదు పది యేండ్ల వఱకు లభించును. అయితే అట్లు నమోదైన బండిని ప్రదర్శనలకు, పాతబండ్ల యాత్రలకు, ఇంధనమునకు, మరమ్మతునకు మాత్రమే బాటమీదికి తేవలెను. నిత్యపుపనికి, బాడుగకు తగదు. కావున పొలమునకు పోవలసిన బండిని మామూలు నమోదులోనే యుంచుకొనవలెను. ఏ త్రోవయైనను, మీ తాతల బండికి విలువ దాని మూలరూపములోనే యున్నది. ఒకమారు కోసిన రేకు మరల పూర్వపు రేకు కాదు. అందుచేత మేము చేయు మార్పు లన్నియు బోల్టులతోనే; తీసిన పాతభాగములను గోనెసంచిలో కట్టి యజమానికే యిచ్చివేయుదుము. రేపు మనుమడు కావలెనన్నచో నాలుగు గంటలలో బండిని వెనుకటివలె చేసికొనవచ్చును.

కడపట నడుపువాని పని. వేగము సగము చేసినచో గుంట విసరు శక్తి ఇంచుమించు నాలుగవవంతునకు తగ్గును. ఇంతటి మందు ఏ షెడ్డులోను దొరకదు. గంటకొకమారు బండి నాపి, దిగి, పదియడుగులు నడచినచో మోకాళ్లు బిగుసుకొనవు.

మిస్త్రీ దగ్గఱకు పోయినప్పుడు ఈ క్రమమును తప్పనీయకుడు: ముందు కొలత, తరువాత గాలి, తరువాత కమానులు, పిదప షాకబ్జార్బర్లు, తుదకు మెత్త. మెత్తతో మొదలుపెట్టువాడు మీ సొమ్ము తినును. కోతతో మొదలుపెట్టువాడు మీ బండిని తినును. టేపుతో మొదలుపెట్టువానికి బండి నప్పగింపుడు. పాతబండియు పాతమనిషియు ఒకరికొకరు బరువు కాకుండ ఇంకను కొన్నేండ్లు పొలమునకు పోయి రావచ్చును. సెలవు.